దసరా సెలవుల్లో ఒక్క పగటిపూట చెరువు కాడ కూర్చుందాం

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. హాస్టల్ నుంచి ఇంటికి పోయే బస్సుల చదువుకోండి, టైం సరిపోతది.

చెప్పదల్చుకున్నది ముందే చెప్తా. మన తండాల పక్కన, గూడేల పక్కన గుట్టల కింద ఉన్న చెరువులు, కుంటలు మనవే అని అందరం నోటితో అంటం. కాగితం మీద అడిగినోళ్లు తక్కువ. మా దిక్కు నేను అడిగి చూసిన తండాల్లో అట్లాంటి దరఖాస్తు పెట్టినమని చెప్పినోళ్లు ఒక్కరు కూడా లేరు. పోడు పట్టా కోసం తిరిగినోళ్లు ఇంటికొకరు ఉన్నరు. కానీ నీళ్ల కోసం, మేత కోసం, అడవి పండ్ల కోసం తండా మొత్తం కలిసి అడిగే హక్కు కూడా చట్టంలో ఉన్నది. దానికి కావలసిన సాక్ష్యం మన ముసలోళ్ల దగ్గర ఉన్నది, వాళ్ల నోట్లో ఉన్నది. వాళ్లు ఉన్నప్పుడే రాసుకోవాలె. అందుకే దసరాకు, దీపావళికి నడుమ ఒక్క పగటిపూట ఒక పెద్దమనిషిని తీసుకొని చెరువు కాడికి పోయి కూర్చోండి అంటున్న. చేతిల ఒక నోట్‌బుక్కు ఉండాలె. ఎందుకో కింద రాస్తున్న.

మెదక్ పేరు చెప్తే బయటోళ్లకు మూడే గుర్తొస్తయి: చర్చి, ఖిల్లా, ఏడుపాయల దుర్గమ్మ. చర్చి కథ బస్టాండ్ల దిగిన ప్రతి ఒక్కరికి ఎవరో ఒకరు చెప్తరు. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని పాస్నెట్ దొర కట్టించిండు, 1914లో మొదలైతే 1924 క్రిస్మస్ నాటికి పూర్తయ్యింది అని. సరిగ్గా అదే కాలంలో, 1916 నుంచి 1922 దాకా, మెదక్‌కు పదిహేను కిలోమీటర్ల దూరంల ఇంకో పెద్ద కట్టడం లేచింది. మంజీరల కలిసే వాగుకు గుట్టల నడుమ కట్ట పోసిన్రు. అదే పోచారం చెరువు. చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాం వేటాడుకున్న అడవి. ఇప్పుడు అభయారణ్యం. మెదక్, కామారెడ్డి రెండు జిల్లాల్లో కలిపి దాదాపు 130 చదరపు కిలోమీటర్లు ఉంటది. 2025 ఆగస్టు చివర్ల మన రెండు జిల్లాల మీద కుండపోత వాన పడ్డప్పుడు, వందేండ్లు దాటిన ఆ కట్ట ఉంటదా పోతదా అని కింది ఊర్లన్నీ భయపడ్డయి. కట్ట నిలిచింది.

ఆ కట్ట నీళ్లు కిందికి, నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి దిక్కు వరి పొలాలకు పోతయి. నీళ్లు పల్లానికే పారుతయి, దానికి ఎవరినీ అనేది లేదు. కాకపోతే ఎత్తు మీద ఉన్న తండాలకు చెరువుతో సంబంధం కాలువ ద్వారా రాదు, కాలిబాట ద్వారా వస్తది. పశువులను తోలుకపోవుడు, బిందె ముంచుకొచ్చుడు, ఒడ్డు పొంటి గడ్డి కోసుకొచ్చుడు, గుట్ట మీద సీతాఫలాలు తెంపి గంప దించి నీళ్లు తాగి జరసేపు కూర్చునుడు. కాలువ కింద భూమి ఉన్నాయన పేరు, సర్వే నంబరుతో సహా, ఆయకట్టు లెక్కల ఉంటది. కాలిబాట మీద నడిచిన ఆమె పేరు ఏ లెక్కల ఉంటది? పోచారం ఒక్కటే కాదు, మెదక్, నర్సాపూర్ దిక్కు గుట్టల కింద చిన్న చిన్న కుంటలు ఎన్నో ఉన్నయి. అన్నిటి కాడ ఇదే సంగతి.

దసరా రోజుల్లో పగలు రెండు గంటలు దాటినంక గుట్ట కింద చెరువు ఎట్లుంటదో ఈ గ్రూపుల సగం మందికి తెలుసు. వానలు వెనకపట్టి నీళ్లు తేటపడ్తయి. ఒడ్డు పొంటి గునుగు తెల్లగ, తంగేడు పసుపచ్చగ పూసి ఉంటది. బర్రెలు మెడ దాకా నీళ్లల్ల పండుకుంటయి. తీతువు ఒక్కటి అరిసి ఊకుంటది, మళ్ల సప్పుడే ఉండదు. గుట్ట నీడ నీళ్ల మీదికొచ్చేదాకా టైం ఎంతైందో తెల్వది.

ఈ నిమ్మళానికి ఇప్పుడు రేటు కట్టిన్రు. శనివారం పొద్దుగాల హైదరాబాద్ నుంచి కార్లు వేసుకొని మన దిక్కు వచ్చేటోళ్లు కొనుక్కునేది దీన్నే. వాళ్లను తప్పుపట్ట. పట్నంల ఉండే మనిషికి కూడా ఊపిరి కావాలె. వచ్చి కూర్చొని, ఫొటో తీసుకొని పోతరు. మన పోరగాళ్లం కూడా సెలవులకు పోయినప్పుడు చేసేది దాదాపు అదే. చెరువు మనకొక స్పాటు. రీల్‌కు బ్యాక్‌గ్రౌండు.

మా దాదీకి మాత్రం ఆ పగటిపూట పని టైం. నలభై యేండ్లు మేకలు కాసింది. చెట్టు కింద ఊకె కూర్చున్నట్టే కనబడుతది. కానీ ఏ మేక ఎటు పోయింది, ఏ దిక్కు నీళ్లు లోతు, ఏ బండ కింద ఎండాకాలం కూడా చెలిమె ఊరుతది, ఏ సీతాఫలం చెట్టు ముందుగాల పండుతది, అన్నీ ఆమె లెక్కల ఉంటయి. ఒకనాడు ఒకాయన వచ్చి, "నువ్వు ఇక్కడెందుకు కూసున్నవ్?" అని అడిగిండు. దాదీకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. ఎప్పటి నుంచి కూర్చుంటున్నదో ఆమెకే యాదికి లేదు, అంత పాత సంగతి. ఆయన ఎవరు, ఏం పని చేస్తడు అనేది ఇక్కడ అవసరం లేదు. రేపు ఆయన కాకపోతే ఇంకొకాయన అడుగుతడు. ఆ ప్రశ్నకు జవాబు కాగితం మీద ఉండాలె అనేదే నా బాధ.

దీపావళి దాటినంక పోచారం నీళ్ల మీదికి ఒక తీరు బాతులొస్తయి. ఇంగ్లీషుల బార్ హెడెడ్ గూస్ అంటరు. తెల్లటి తల మీద రెండు నల్లగీతలుంటయి, అదే గుర్తు. అవి పిల్లల్ని చేసేది టిబెట్, మంగోలియా దిక్కు ఎత్తైన కొండల నడుమ ఉన్న సరస్సుల కాడ. అక్కడ చలి ముదరంగనే హిమాలయాలు దాటి మన దిక్కు వచ్చి, ఎండలు ముదిరేసరికి తిరిగిపోతయి. వాటి కోసం చెరువును కాపాడాలె అని అందరూ ఒప్పుకుంటరు. నేనూ ఒప్పుకుంట.

మన లంబాడీ ముత్తాతలు కూడా తిరిగినోళ్లే. లదేణి అంటే ఏందో ఇంట్ల పెద్దోళ్లను అడగండి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని, సైన్యాలకు తిండి మోసుకుంట ఉత్తరం నుంచి దక్కన్ దాకా నడిచిన్రు. అన్ని ఎద్దులున్న మంద నీళ్లు లేని చోట ఒక్క రాత్రి కూడా ఆగలేదు. ఏ గుట్ట కింద కుంట ఉంది, అండ్ల ఏ నెల దాకా నీళ్లుంటయి అనేది వాళ్లకు బతుకు లెక్క. రోడ్లు, రైళ్లు వచ్చినంక ఆ యాపారం పోయింది. 1871లో బ్రిటిష్ సర్కారు నేరస్థ జాతుల చట్టం తెచ్చి, తిరిగే కులాలను చాలావాటిని పుట్టుకతోనే దొంగల లెక్క కట్టింది. స్వాతంత్య్రం వచ్చిన ఐదేండ్లకు, 1952లో గానీ ఆ ముద్ర తీసేయలేదు. పక్షి తిరిగితే అతిథి అని దుర్బిణి పెట్టి చూస్తరు. మనిషి తిరిగితే ఠాణాల పేరు రాసిన్రు. ఈ చరిత్ర ఉన్నోళ్లం కాబట్టి, "నువ్వు ఇక్కడెందుకు?" అనే ప్రశ్న మనకు ఊకె అడిగే ప్రశ్నలెక్క వినబడదు.

ఇప్పుడు చట్టం సంగతికి వస్తా. జర ఓపికగ చదవండి.

2006ల వచ్చిన అటవీ హక్కుల చట్టాన్ని మనోళ్లు పోడు చట్టం అంటరు. ఆ పేరుతోనే సగం చట్టం కనబడకుండ పోయింది. పోడు భూమి హక్కు అందులో ఒక ముక్క. అది ఒక కుటుంబానికి నాలుగు హెక్టార్లకు, అంటే దాదాపు పదెకరాలకు మించదు, భార్యాభర్తలిద్దరి పేరు మీద ఇస్తరు, అమ్ముకోవడానికి లేదు, పిల్లలకు వస్తది. మన రాష్ట్రంలో 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌ల పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టిన్రు. రాష్ట్రం మొత్తం మీద దాదాపు 4 లక్షల ఎకరాల లెక్క చెప్పిన్రు. వచ్చినోళ్లు సంబురపడ్డరు, రానోళ్లు ఇంకా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నరు. ఆ కొట్లాట న్యాయమైందే. దాన్ని తక్కువ చేస్త లేను.

కానీ అదే చట్టం సెక్షన్ 3 చదవండి. అండ్ల ఉమ్మడి హక్కులు వరుసగ ఉన్నయి. అడవిల దొరికే కలపేతర ఉత్పత్తులు ఏరుకొని, వాడుకొని, అమ్ముకునే హక్కు. నీటి వనరుల్ల చేపలు, ఇతర ఉత్పత్తుల మీద హక్కు. పశువుల మేత హక్కు. కాలాన్ని బట్టి వచ్చిపోయే సంచార, పశుపోషక జాతుల హక్కు. అన్నిటికంటే పెద్దది, తరతరాలుగ కాపాడుకుంటున్న అడవిని ఇక ముందు కూడా కాపాడుకునే, బాగుచేసుకునే, చూసుకునే హక్కు. ఒక్క మనిషి పోడు భూమికి పెట్టేది ఫారం ఏ. ఊరుమ్మడి హక్కులకు పెట్టేది ఫారం బి. అడవిని చూసుకునే హక్కుకు పెట్టేది ఫారం సి. మన తండాల్ల ఫారం ఏ పేరు ముసలమ్మకు కూడా తెలుసు. ఫారం బి, ఫారం సి అంటే డిగ్రీ చదివేటోళ్లు కూడా మొఖం చూస్తరు.

అభయారణ్యంల ఇవేవీ నడువవు అని కొందరు అంటరు. నమ్మకండి. చట్టంల "అటవీ భూమి" అంటే ఏందో చెప్పిన చోటనే, అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా అండ్లనే వస్తయి అని రాసి ఉంది. వన్యప్రాణుల కోసం ఏదైనా జాగను మనుషులు లేకుండ చెయ్యాలనుకుంటే, అక్కడి గ్రామసభ తెలిసి ఒప్పుకోవాలె అని సెక్షన్ 4ల ఉంది.

మెదక్ పిల్లలు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలె. మనది ఐదో షెడ్యూల్ ప్రాంతం కాదు. ఆదిలాబాద్, ఖమ్మం, వరంగల్ ఏజెన్సీల ఉన్న అన్నలకు 1/70 చట్టం ఉంది, 1996 పెసా చట్టం ఉంది. మనకు ఆ రెండూ వర్తించవు. మైదానంల గుట్టకొక తండాగ చెదిరి ఉన్నోళ్లం. అటవీ హక్కుల చట్టం మాత్రం షెడ్యూల్ ప్రాంతమా కాదా అని చూడదు. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి అడవిల ఉంటున్నరా, బతుకు కోసం అడవి మీద ఆధారపడ్డరా అని మాత్రమే గిరిజనులను అడుగుతది. అంటే మన చేతిల ఉన్న గట్టి పనిముట్టు ఇదొక్కటే. ఏజెన్సీ అన్నలకు ఇది మూడోది. మనకు మొదటిది.

ఈ చట్టం కలెక్టరేట్ల మొదలుకాదు, గ్రామసభల మొదలైతది. గ్రామసభ అటవీ హక్కుల కమిటీని ఎన్నుకోవాలె, పది నుంచి పదిహేను మంది. గిరిజనులున్న చోట మూడింట రెండు వంతులు గిరిజనులు ఉండాలె, మూడో వంతు ఆడోళ్లు ఉండాలె. ఆ కమిటీ దరఖాస్తు తీసుకొని, జాగ చూసి, గ్రామసభ ముందర పెడుతది. సభ తీర్మానం చేసి డివిజన్ కమిటీకి పంపుతది, అక్కడి నుంచి కలెక్టర్ అధ్యక్షుడుగ ఉండే జిల్లా కమిటీకి పోతది. "మా తండాల మా రాజ్యం" అని ఏండ్ల తరబడి అడిగితే, 2018ల వెయ్యికి పైగా తండాలు, గూడేలు గ్రామపంచాయతీలైనయి. సర్పంచ్ మనోడైండు, బోర్డు మీద తండా పేరొచ్చింది. ఆ రాజ్యంతోని ఏం చేసినం అంటే సీసీ రోడ్డు, వాటర్ ట్యాంకు, ట్రాక్టరు చూపిస్తరు. అవీ కావాల్సినవే. చెరువు మీద ఒక్క తీర్మానం కూడా చెయ్యొచ్చు కదా అని అడుగుతున్న.

ఒక జాగ్రత్త చెప్పాలె. చెరువులన్నీ అటవీ భూమిల ఉండవు. కొన్ని ఇరిగేషన్ వాళ్లవి, కొన్ని పంచాయతీవి, కొన్ని కుంటలు పట్టా భూముల్ల ఉంటయి. అటవీ భూమి కాని దాని మీద అటవీ హక్కు నడవది. అందుకే ముందుగాల ఊరి నక్షా చూడాలె. చెరువు నంబరు ఏంది, నిండుమట్టం హద్దు ఏడిదాక ఉంది, అడవి హద్దు ఎక్కడ మొదలైతది. చాలా చోట్ల నీళ్లు ఒక శాఖవి, ఒడ్డు మీది గుట్ట ఇంకో శాఖది ఉంటది. అట్లున్నా పోయేటి దారి, మేత, సీతాఫలం, పూలు గుట్టవే కాబట్టి వాటి మీద అడగొచ్చు.

ఇక అసలు సంగతి, సాక్ష్యం. మనోళ్లు చట్టం అంటే భయపడేది ఇక్కడనే. "మన కాడ కాగితం ఏముంది?" అంటరు. ఈ చట్టం కింద రూల్స్ 2008 జనవరి 1 నుంచి అమలుల ఉన్నయి. అండ్ల పదమూడో రూల్ ఏం చెప్తదంటే, దరఖాస్తు పెట్టినోళ్లు కాకుండ వేరే పెద్దమనుషులు చెప్పిన మాటను రాసి పెడితే అది సాక్ష్యమే. ఉమ్మడి హక్కులకైతే, ముందు నుంచి పశువులు మేపిన జాగలు, గడ్డలు, పండ్లు, మేత ఏరుకున్న చోట్లు, చేపలు పట్టిన తావులు, మనుషులకు, పశువులకు నీళ్లు దొరికిన చోట్లు, మందుమూలికలు తెచ్చుకున్న జాగలు, మొక్కుకున్న చెట్లు, కుంటలు, వాగు ఒడ్లు, బొందలగడ్డలు, అన్నీ సాక్ష్యాలే. ఒకటి చాలదు, ఒకటికంటే ఎక్కువ చూపించాలె. అంతే.

అన్నలారా, ఇంతకంటే మనకు అనుకూలంగ రాసిన రూల్ ఇంకోటి ఉంటదా? చదువు రానోళ్ల యాదిని కాగితంతోని సమానం చేసింది. దాదీ నలభై యేండ్లు చెరువు కాడ కూర్చున్న పగటిపూటలు చట్టం ముందర లెక్కకొస్తయి, ఎవరో ఒకరు రాసి పెడితే. రాయగలిగినోళ్లం మనమే. ఇంట్ల మొదటిసారి కాలేజీ గడప తొక్కినోళ్లకు ఎప్పుడూ ఒక ప్రశ్న ఎదురైతది, "నువ్వు చదివి మాకేం చేసినవ్?" అని. ఉద్యోగం ఎప్పుడొస్తదో తెల్వది. రాయడానికి మాత్రం నోటిఫికేషన్ అక్కర లేదు.

ఎట్ల రాయాలె? పెద్దమనిషిని ఇంట్ల కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగితే రెండు ముక్కలు చెప్పి ఊకుంటరు. చెరువు కాడికి తీసుకపోండి. పగటిపూట, ఎండ తగ్గంగ. తొందర చెయ్యకండి. జరసేపు గమ్మున కూర్చోనియ్యండి. నీళ్లు చూస్తె యాది వాటంతట అవే వస్తయి. ఆమె గోర్ బోలిల చెప్తె గోర్ బోలిలనే, తెలుగు అక్షరాలతోని రాయండి, పక్కన తెలుగు రాసుకోండి. ఏ బాట నుంచి వచ్చేటోళ్లు, ఆ బాట ఇప్పుడుందా, మందలు ఏ నెలల ఏ దిక్కు మేసేవి, కరువు యేడు నీళ్లు ఎక్కడ దొరికినయి, సీతాఫలాలు ఏ గుట్ట మీదియి తెచ్చేటోళ్లు, ఎక్కడ అమ్మేటోళ్లు, తీజ్ బుట్టలు ఏ నీళ్లల్ల కలిపేటోళ్లు, దవాళి తెల్లారి ఆడపిల్లలు పూలకు ఏ దిక్కు పోయేటోళ్లు, సీత్ల భవానిని ఎక్కడ మొక్కేటోళ్లు. ప్రతి దానికి చెట్టు, బండ, వాగు ఏదో ఒక గుర్తు అడగండి. ఫోన్ల లొకేషన్ పెట్టి ఫొటో తియ్యండి. రీల్‌కు తీసే ఫోనే కదా, ఒక్కనాడు దీనికి వాడండి. చివర్ల ఆమె పేరు, వయసు, తారీకు రాసి, వేలిముద్రనో సంతకమో తీసుకోండి. ఒక తండాల ఐదారుగురివి రాస్తె, గ్రామసభ ముందర పెట్టడానికి మంచి దస్త్రం తయారైతది.

దవాళి పూల ముచ్చట ఊకె రాయలేదు. మేరా అయిన తెల్లారి మన అక్కచెల్లెండ్లు అడవికి పోయి పూలు తెచ్చేది పండుగ మాత్రమే అనుకుంటం. ఆ అడవి దారి మీద హక్కు లేకపోతే ఆ పండుగ కూడ మార్కెట్ల కొన్న బంతిపూలతోని నడుపుకోవాలె.

ఇప్పుడు కొన్ని వాదనలు. మీరు కామెంట్ల ఎట్లాగూ రాస్తరు, ముందే నా జవాబు చెప్తా.

"టూరిజం వస్తె మన పోరగాళ్లకు పని దొరుకుతది, నువ్వెందుకు అడ్డం?" నేను అడ్డం కాదు. గుట్టకింద చెరువు కాడ నలుగురికి పని దొరికితే మంచిదే. కాకపోతే హక్కు ముందుగాల రాయించుకొని తర్వాత టూరిజం వస్తె మనం మాట్లాడేటోళ్లం అయితం. హక్కు లేకుండ వస్తె గేటు కాడ వాచ్‌మన్ అయితం. రెండిట్ల నిలబడే తీరు వేరే ఉంటది.

"మీకు హక్కులిస్తే అడవి ఖతమైతది, జింకలు మిగలవు." పట్నంల చదువుకున్న దోస్తులు ఇది ఎక్కువ అంటరు. చట్టం సెక్షన్ 5 చదవమనండి. అడవిని, వన్యప్రాణులను, నీటి వనరులను కాపాడే బాధ్యత కూడా గ్రామసభకు, హక్కు ఉన్నోళ్లకు అదే చట్టం ఇచ్చింది. హక్కు ఉన్న జాగను మనిషి కాపాడుకుంటడు. అయితే ఈ మాట అనే ముందు మన దిక్కు కూడా చూసుకోవాలె. దావత్ అయినంక చెరువు ఒడ్డున పలిగిన సీసలు, ప్లాస్టిక్ గ్లాసులు పడేసేది పట్నపోళ్లు ఒక్కరే కాదు. తునికాకు చిగురు కోసం మంట పెట్టేది కూడా బయటి నుంచి వచ్చినోళ్లు కాదు. దీని మీద మన గ్రామసభే కట్టడి పెట్టాలె. నాయక్, కార్భారి ఉన్న తండాలకు కట్టడి కొత్త కాదు. నసాబ్ల కూర్చొని తీర్పు చెప్పిన జాతి, సీసలు పలగ్గొట్టొద్దని చెప్పలేదా?

"చెరువు మీద ముదిరాజులకు, గంగపుత్రులకు హక్కుంది, గొల్ల కురుమలు మందలు తోలుకొస్తరు. వాళ్లతోని గొడవ పెట్టమంటవా?" అసలే వద్దు. చేపల సొసైటీ వాళ్ల బతుకుదెరువు మీద చెయ్యి వెయ్యొద్దు. వాళ్లు కూడా నీళ్ల మీద బతికినోళ్లే. అడవి మీద ఆధారపడ్డ గిరిజనేతరులు 75 యేండ్ల నుంచి ఉన్నట్టు చూపిస్తే ఈ చట్టం వాళ్లకూ హక్కు ఇస్తది. వాళ్ల పెద్దమనుషుల మాట మనకు సాక్ష్యం, మన పెద్దమనుషుల మాట వాళ్లకు సాక్ష్యం. కలిసి అడిగితే ఎవరూ మనల్ని ఒకరి మీదికి ఒకరిని ఎగదొయ్యలేరు. ఈ గ్రూపుల మనలో మనకు ఎవరు అసలు, ఎవరు కొసరు అని నడిచే పంచాయితీకి కూడా ఇదే చెప్తా. నీళ్ల కాడ దాన్ని పక్కకు పెడదాం.

"ఇదంతా పెద్ద పని, సెలవులు పది రోజులే." దరఖాస్తు పెద్ద పనే. తీర్మానం చేయించుడు ఇంకా పెద్ద పని. పెట్టినంక ఏండ్లు పట్టొచ్చు, తిరగ్గొట్టొచ్చు, మళ్ల అప్పీలుకు పోవాల్సి రావొచ్చు. నేను పదిరోజుల్ల హక్కు తెమ్మంటలేను. ఒక్క పగటిపూట, ఒక్క పెద్దమనిషి, నాలుగు పేజీలు. ఆ నాలుగు పేజీలు ఈ యేడు రాయకపోతే వచ్చే దసరాకు ఆ పెద్దమనిషి ఉంటదో ఉండదో ఎవరికి ఎరుక? ఫారం బి ఎప్పుడైనా దొరుకుతది. జిరాక్స్ సెంటర్ల దొరుకుతది. దాదీ దొరకదు.

దసరా పోయిన ఐదో నాడు ఆశ్వయుజ పున్నమి. జోడేఘాట్‌ల కొమురం భీం వర్ధంతి జరిగేది ఆ తిథి నాడే. మనం స్టేటస్‌ల జల్, జంగల్, జమీన్ అని పెట్టుకుంటం. ఆ మూడు మాటల్ల జమీన్ కోసం పట్టా అడిగినం, జంగల్ కోసం అప్పుడప్పుడు ధర్నాకు పోయినం. జల్ అనే మాట అన్నిటికంటే ముందుంది, అడిగినోళ్లు మాత్రం తక్కువ. ఈసారి స్టేటస్ పెట్టే ముందు ఆ నాలుగు పేజీలు రాసి పెట్టుకోండి.

మెదక్, నర్సాపూర్, కామారెడ్డి దిక్కు తండాల పిల్లలు ఎవరైనా రాస్తె ఈ గ్రూపుల చెప్పండి. పెద్దమనుషుల పేర్లు, ఫొటోలు ఇక్కడ పెట్టకండి, అవి గ్రామసభకే ఇయ్యాలె. ఎట్ల అడిగిన్రు, ఏం తెలిసింది, ఎక్కడ ఆగిపోయిన్రు అనేది రాస్తె చాలు. సెలవులు అయిపోయినంక మా హాస్టల్ల ఒక ఆదివారం అందరం కూర్చొని ఫారం బి ఎట్ల నింపాల్నో చదువుకుందాం అనుకుంటున్నం. లా చదివే అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటె రెండు గంటలు టైం ఇయ్యండి. చాయ్, మిర్చి మా దిక్కు నుంచి.

జై సేవాలాల్. జోహార్ కొమురం భీం.